నీళ్ల వంతు

వానలు ఆగినంక ఒక ఐతారం నాడు మా మనుమరాలు శ్రావణి అటక ఎక్కి, పాత గంజుల ఎనుకకెల్లి అరచెయ్యంత డబ్బ ఒకటి కిందికి తెచ్చింది. బడిల “ఇంట్ల కరెంటు, నీళ్లు ఎట్ల పొదుపు చెయ్యాలె” అని అట్ట మీద రాసుకొని రమ్మన్నరట. అట్టకు అతికియ్యనీకి పాత బల్బులు, వైరు ముక్కలు ఏమన్న దొరుకుతయేమోనని దేవులాడింది. “నాయనమ్మా, ఇదేంది? కొత్తదాని లెక్కనే ఉన్నది. దీన్నెందుకు అటకెక్కించిండ్రు?” అని తెచ్చి నా ఒళ్లె పెట్టింది. పొలంల మోటరు స్టార్టరుకు బిగించే ఆటో డబ్బ అది. కరెంటు పోయి మల్ల వస్తె, మనిషి పోకున్నా దానంతట అదే మోటరును లేపుతది. “దీన్ని అట్టకు అతికియ్యకు. ఏడికెల్లి తెచ్చినవో ఆడనే పెట్టి రా” అన్న. “ఎందుకు?” అన్నది. “పెట్టి రా అన్న గద” అన్న. నా గొంతు తెలిసిన పిల్ల గనుక మల్ల అడగలే.

తరువాత గచ్చు మీద కూసొని ఆమె పెన్ను పట్టింది, నేను చెప్పిన. అర్రలకెల్లి బయటికొస్తె బల్బు, పంక బందు చెయ్యాలె. పప్పు నానబెట్టి ఎక్కిస్తె సగం మంటకే ఉడుకుతది. మూత లేకుంట గంజు పొయ్యి మీద పెట్టొద్దు. బియ్యం కడిగిన నీళ్లు తీగకు పొయ్యాలె, పారబొయ్యొద్దు. మిద్దె మీది ట్యాంకు నిండి నీళ్లు కారుతుంటె సీరియలు సూసుకుంట కూసోవద్దు. ఫ్రిజ్జు తలుపు తీసి పట్టుకొని ఏం తిందామా అని సోంచాయించొద్దు. ఆ మాటకు పిల్ల నవ్వింది, అది ఆమె అలవాటే గనుక. అట్ట నిండినంక తలెత్తి, “నాయనమ్మా, నువ్వు ఇవన్నీ ఎప్పటికెల్లో చేస్తున్నవ్ గద. మరి అంజయ్య తాత తోట ఎందుకు ఎండిపోయింది?” అన్నది.  అంజయ్య నా ఒక్కగానొక్క తమ్ముడు. నేను మూడో తరగతి దాంకనే సదివిన, రాసుడు నాకు నాట్లేసుడంత కష్టం. అయినా నోటితోని చెప్పలేనిది కాయితం మీదనన్న పెడుదామని కూసున్న.

మాది కేతేపల్లి దిక్కు మెట్ట ఊరు. పొదుపు నాకు నేర్పింది మా అవ్వ, మా బాపును కన్న తల్లి. బక్కపలుచటి మనిషి, కొంగు నడుముకు దోపితె పొద్దు గూకేదాంక విప్పకపోయేది. పొద్దుగాల లేస్తె ఆమె మొదటి పని పొయ్యిల బూడిద కెలుకుడు. రాత్రి ఎర్రటి బొగ్గులను బూడిదల దాసి పండుకునేది, తెల్లారి కట్టెపుల్లతోని కదిలిస్తె ఒక్క కణమన్న కండ్లు తెరవాలె. తెరవకపోతె నా చేతికి పిడక ముక్క ఇచ్చి పక్కింటికి తోలేది. ఇంట్ల అగ్గిపెట్టె ఉంటుండె, గని అది చీకట్ల ఎవరికన్న పాణం మీదికొస్తె గీకనీకి. వాళ్ల పొయ్యి కాడ కూసొని, పిడక అంచుకు నిప్పు అంటుకునేదాంక ఉండి, ఊదుకుంట ఊదుకుంట తేవాలె. నడిమిట్ల ఆరిందో, “ముచ్చట్లకు నిలవడ్డవా? నిప్పును కూడ నడిపించుడు రాదా నీకు?” అని వీపుల ఒకటి పడేది. అట్ల తెచ్చిన నిప్పు మీద ముందుగాల జొన్న గటుక, దాని ఎంబడి కూర, మంట తగ్గినంక రొట్టెల పెనం, పెనం దిగినంక తానం నీళ్ల కుండ. ఆఖరుకు ఉడుకు బూడిదల పల్లికాయలు దోపితె, అవి నేను, అంజయ్య పంచుకునేటోళ్లం. పాలు మాత్రం వేరే, దొడ్లె దాలి గుంతల పిడకల సెగ మీద పొద్దంత కాగేటివి. ఆ మీగడ ఎర్రగ, దలసరిగ, పొగ వాసనతోని ఉండేది. సల్లారిన బూడిదతోని బోళ్లు తోమి, మిగిలింది చిక్కుడు తీగ మీద సల్లేది, పురుగు పట్టకుంట. పొయ్యిలకెల్లి ఒట్టిగ పోయింది పొగ ఒక్కటే.

దీపం సంగతి సుత గంతే. వంటిల్లుకు, ముందర అర్రకు నడిమి గోడల ఇటూ అటూ తెరిసున్న ఆరుపారు గూడు పెట్టిచ్చింది అవ్వ. అండ్ల ఒక్క ఎక్క దీపం పెడితె రెండు దిక్కుల ఎలుగు. ఇద్దరి కండ్లకు ఒక్క దీపం సరిపోతుంటె రెండోది ఎందుకు అనేది. పొద్దు మునగక ముందే అందరం తిని చేతులు కడగాలె. ఆ కడిగిన నీళ్లు సుత తానం చేసే జాలారు బండ మీదికెల్లి కాలువ కట్టి ఆనిగెపు తీగకు పారేటివి. కూర కడిగిన నీళ్లు బర్రె కుడితిలకు, బట్టలుతికిన నీళ్లు వాకిట్ల దుమ్ము మీదికి. తానం చేసేటప్పుడు అంజయ్య ఇంకో చెంబు అడిగితె, “ఎన్నిసార్లు కడిగినా ఆ నలుపు పోదు, లెవ్వు” అని రెక్క వట్టి లేపేది. వాడు ఏడ్చుకుంట, “నువ్వేమన్న తెల్లగున్నవా?” అనేటోడు. అవ్వ నవ్వేది కాదు. ఆమె నవ్వంగ నేను సూసిన యాది లేదు.

ఇప్పుడు ఎవరన్న ఆ రోజులే మంచిగుండె అంటె నాకు కోపమొస్తది. అవ్వ పొదుపు లేమిల పుట్టింది. కట్టె దొరకక, గాసునూనె దొరకక, నీళ్లకు మైలు దూరం పోయి పుట్టింది. ఆ పొగకు ఆమె కండ్లు తెల్లబడి, ఆఖరు రోజులల్ల మమ్మల్ని గొంతు వట్టి గుర్తుపట్టేది. మా అమ్మ ఊపిరాడక దగ్గి దగ్గి పోయింది. గ్యాసు సిలిండర్ వచ్చిన దినం నేను దానికి బొట్టు పెట్టిన, అబద్ధమెందుకు. వంటింట్ల పొగ పోయినందుకు నేను ఏనాడు బాధ పడలే. బాధంత బాయి పోయినందుకు.

బాయి మా ఒక్కరిది కాదు. మా బాపుకు, మా చెలుక పక్క పొలమోళ్లకు పాళ్లు ఉండె. ఆ పక్క పొలమోళ్లే తరువాత నాకు అత్తమామలైండ్రు, నన్ను ఉన్న ఊళ్లెనే ఇచ్చిండ్రు. ఆ బాయికి వంతులుండేటివి. ఒకదినం మాది, ఒకదినం వాళ్లది. బాయి గోడకు లోపట ఒక రాయి బయటికి పొడుసుకొని ఉండె. నీళ్లు ఆ రాయి కిందికి పోయినయంటె ఎవని వంతైనా, ఎవని పంట ఎండినా, మోట ఆపాల్సిందే. బాయి మల్ల ఊరి రాయి మునిగేదాంక తాగనీకి కుండలు చేదుకునుడే తప్ప మోట తోలకపోయేటోళ్లు. పంచాయితి లేదు, కాయితం లేదు. పొద్దుగాల పోయి బాయిలకు తొంగి సూసేటోళ్లు, రాయి కనవడితె ఎద్దులను మర్రగొట్టుకొని ఇంటికొచ్చేటోళ్లు. గంతే.

ఒక ఎండకాలం మా మిరపతోట వాడిపోతాంది. ఆ దినం వంతు వాళ్లది, గని వాళ్లు చావు మీద ఊరికి పోయిండ్రు. బాయి నిండ నీళ్లున్నయి, మోట ఒట్టిగ ఏలాడుతాంది. అంజయ్య అప్పటికి ఎద్దుల ఎంబడి నడిచే వయసుకొచ్చిండు. “వాళ్లు రానే రాలే గద, మనం తోలుకుందాం” అని పోయి తాడు పట్టిండు. అవ్వ దూరంకెల్లి సూసి, మిరప సాల్లు తొక్కుకుంట ఉరికొచ్చి, వాని చెంప మీద కొట్టిన సప్పుడు నాకు ఇనవడ్డది. “ఒగల వంతుల తాడు ముట్టుతవా? వాళ్లు రాకపోతె నీళ్లు పండుకుంటయి. నీళ్లకు సుత పండుకునేది ఉండాలె” అన్నది. అంతటితోని ఇడిసిపెట్టలే. వాళ్లు ఊరికెల్లి తిరిగొచ్చినంక వాన్ని తీస్కపోయి వాళ్ల అరుగు ముంగట నిలవెట్టి, “వీడు మీ తాడు ముట్టిండు” అని వాని నోటితోనే చెప్పించింది. మా మిరప ఆ ఏడు పోయింది. అంజయ్య మాత్రం ఆ దెబ్బను పెద్దగైనంక సుత చెప్పుకునేటోడు, చెంప తడుముకుంట, ఏదో బహుమానం ఇచ్చినట్టు.

బాయి మా పిల్లలు పెద్దగయ్యే నాటికి ఎండింది. బోర్ల లారీలు దిగినయి. పుట్టింటి పొలంల అంజయ్య, అత్తగారింటి పొలంల మేము భూమిని తొలుసుకున్నం. కరెంటు అప్పుడు ఏ రాత్రికి వస్తదో తెల్వకపోయేది. వచ్చిందని ఇనవడితె నిద్ర లేసి ఉరకాలె. అట్ల ఉరికిన ఒక రాత్రి, వాన తడిల, స్టార్టరు డబ్బ మీద చెయ్యి పెట్టి మా ఇంటాయన పాణం ఇడిసిండు. మా శేఖరు అప్పటికి మీసం సుత రాని పోరడు. అందుకే వాడు పొలం చేతికొచ్చినంక మొట్టమొదట కొన్నది గా ఆటో డబ్బ. వాడు చేసింది తప్పని నేను ఆనాడు అనలే. ఈనాడు సుత అనలేను. ఆ డబ్బ వచ్చినంక నా కొడుకు రాత్రిపూట ఇంట్ల పండుకున్నడు, నేను కంటినిండ నిద్రపోయిన.

అంజయ్య మాత్రం వరి జోలికి పోలే. తన చెలుకల బత్తాయి పెట్టిండు. మొక్కలు పసిగున్న ఎండకాలాలు వాడు, వాని పెండ్లాం సత్తెమ్మ కుండలతోని మోసి పోసిండ్రు. చెట్టు చుట్టు పాదు చేసి, పాదుల పల్లిపొట్టు, వరిగడ్డి పరిచెటోడు, ఎండకు తడి గుంజుకపోకుంట. సన్నటి పైపులు పరిచి చుక్క చుక్క ఇడిసెటోడు. నేను సూడబోతె, “అవ్వ బతికుంటె ఈ చుక్కను సుత రెండు చేసేది అక్కా” అనేటోడు. కాపుకొచ్చిన తోటల పొద్దుగాల నడిస్తె ఆ పూత వాసనకు నాకు కడుపు నిండినట్టయ్యేది. వానికి ఉన్న ఒక్క బిడ్డ పెండ్లి, వాళ్ల బువ్వ, సత్తెమ్మ మందులు, అన్నీ ఆ చెట్ల మీదనే. వాళ్ల బోరు, మా బోరు ఒక గట్టుకు ఇటొకటి, అటొకటి. రెండిటికి భూమి లోపట ఒక్కటే జల.

తెలంగాణ వచ్చింది. తరువాత వ్యవసాయానికి ఇరువై నాలుగు గంటల కరెంటు వచ్చింది. మా ఊళ్లె ఆ దినం పటాకులు కాల్చిండ్రు. నేను మా ఇంటాయన ఫోటో ముంగట నిలవడి, ఇగ ఎవరూ చీకట్ల ఉరకొద్దు అని చెప్పిన. గని ఆ కరెంటుతోని ఏమైందంటె, ఎవరూ పగటిపూట సుత పొలానికి పోవుడు బందు చేసిండ్రు. ఆటో డబ్బలు అందరికి ఉండె. మోటర్లు ఒకసారి లేస్తె ఆగుడు లేదు. మడి నిండి, ఒడ్డు దాటి, బాట మీద నీళ్లు పారినా ఎవరికి పట్టలే. డబ్బలు తీసెయ్యుండ్రి అని ఊళ్లె చాటింపు సుత ఏసిండ్రు. ఇన్నోళ్లు ఇన్నరు, పోయినోళ్లు పోయిండ్రు. బాయి లెక్క బోరుల తొంగి సూడరాదు. రాయి లేదు, గుర్తు లేదు. లోపట ఎంతున్నదో ఎవనికి తెల్వది.

ఇంట్ల మాత్రం నా రాజ్యం నడుసుడే. మా కోడలు సుజాత వంటింట్ల బల్బు ఎలిగిచ్చి వాకిట్లకొస్తె, నేను ఎనుకనే పోయి ఆర్పుతుండె. పంక కింద ఎవరు లేకుంటె బందు. టీవీ సూడనప్పుడు గోడ కాడ స్విచ్చి బందు. ఒకనాడు ఆమె కూర కలుపుకుంటనే, మొఖం తిప్పకుంటనే అన్నది, “అత్తమ్మా, మీరు గీ బల్బు ఆర్పి ఏం మిగిలిస్తరు? ఆడ మీ కొడుకు మోటరు నిన్నటికెల్లి నిండిన మళ్లె పోస్తాంది.”  కోడలి మాట ముల్లు లెక్క దిగింది, ఎందుకంటె అది నిజం.

ఆ మాపు శేఖరు తినబోతుంటె ముంగట కూసున్న. “కరెంటు పగలు సుత ఉంటాంది గదరా. ఇంక డబ్బ ఎందుకు? పొద్దుగాల పోయి ఏసి, నిండినంక బందు చేసి రారాదు?” అన్న. వాడు ముద్ద కలుపుకుంట, “నేనొక్కన్ని బందు పెడితె ఏమైతదే అమ్మా? మనం ఆపిన నీళ్లు ఇంకొకడు గుంజుతడు” అన్నడు. “ఇంకొకడు ఎవడు? గట్టు అవుతల నీ మేనమామ ఉన్నడు” అన్న. వాడు ముద్ద పక్కకు పెట్టిండు. “బాపును మింగిన స్టార్టరు డబ్బను మల్ల చేత్తోని ముట్టమంటున్నవ్” అన్నడు.  అన్నం ఒడ్డించి లేసి పోయిన.

దాని తరువాతి ఎండకాలం అంజయ్య బోరు సన్నగయ్యింది. పైపుల చివరి చెట్లకు నీళ్లు అందుతలేవు, ఆకు ముడుసుకుంటాంది, పిందె రాలుతాంది. వాడు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూసొని, చాయ తాగి, వానల సంగతి, పెండ్లిల్ల సంగతి మాట్లాడి లేవబోయిండు. అడగడు. వాని గుణం నాకు ఎరుక. నేనే శేఖరును పిలిచి ఎదురుంగ కూసోవెట్టిన. “మీ తాతలు బాయి కాడ వంతు పెట్టుకున్నరు. మీరు సుత పెట్టుకోండ్రి” అన్న. శేఖరు చెడ్డోడు కాదు. మామ మొఖం సూసి వానికి సిగ్గయింది. “యాసంగి వరి కోసినంక నాకు నీళ్లతోని పనే లేదు మామా. కోతలు కాంగనే మోటరు బందు పెడ్త. వానలు పడేదాంక వంతు మొత్తం నీదే. తోటను బతికిచ్చుకో” అన్నడు.  అంజయ్య లేసి పోయేటప్పుడు మేనల్లుని భుజం మీద చెయ్యేసి ఒక్క తీరు ఒత్తిండు. ఆ ఎండకాలం దాటితె చెట్లు దక్కుతయి, దాటకపోతె లేవు. అది మాకందరికి తెలుసు.

కోతలైనయి. మా సుజాత తమ్ముని లగ్గం ఆలేరుల. అందరం పోయి కొన్నొద్దులు ఉండి రావాలె. పోయే దినం నేను ఇల్లు మొత్తం తిరిగిన. బల్బులు ఆర్పిన, ఫ్రిజ్జు ఖాళీ చేసి తుడిసి వైరు గుంజిన, సిలిండర్ తిప్పి బందు చేసిన, నల్లాలు బిగించిన. గోలెంల మిగిలిన నీళ్లు తీగకు పోసిన. శేఖరును ఎంబడి పెట్టుకొని పొలం కాడికి సుత పోయిన. నా కండ్ల ముంగటనే వాడు స్టార్టరు మీది ఎర్ర బొత్తం ఒత్తిండు. మోటరు ఆగింది. ఎన్నేండ్లకో ఆ చెలుకల సప్పుడు లేదు, పిట్టలు ఇనవడ్డయి. ఆ నిమ్మలంతోనే బస్సెక్కిన.

మేం ఆలేరుల ఉండంగ ఈడ గాలిదుమారం లేసిందట. కరెంటు పోయి, పొద్దుగాల వచ్చిందట. ఎర్ర బొత్తం మోటరును ఆపుతది, గని పక్కన ఆటో డబ్బ బొత్తం మీదికే ఉండె. దాన్ని కిందికి అనాలెనని శేఖరుకు తోచలే. ఏసిననాటికెల్లి దాన్ని ఎవరూ ముట్టనే లేదు, అది ఒకటున్నదని మరిచిపోయినం. కరెంటు రాంగనే డబ్బ దాని పని అది చేసింది. మేం లగ్గం బువ్వ తినుకుంట ఆడ ఉన్నన్నొద్దులు, ఈడ మా మోటరు పోసుకుంటనే ఉన్నది. పోసింది దేనికంటె కోసిన మడికి. వరి కొయ్యకాళ్లకు.

తిరిగొచ్చి పొలం దిక్కు పోతె, గట్టు మీదికెల్లి తెల్లగ కొంగలు కనవడ్డయి. మోటరు పైపు దగ్గుకుంట దగ్గుకుంట గాలి, బురద కక్కుతాంది. కొయ్యకాళ్ల నడిమిట్ల నీళ్లు మెరుస్తున్నయి, పచ్చటి పాసి సుత కట్టింది. శేఖరు చెప్పులతోనే మళ్లెకు ఉరికి స్టార్టరు బందు చేసి, ఆటో డబ్బ దిక్కు సూసిండు. “నేను బందు చేసిన అమ్మా. నువ్వు సూసినవ్ గద” అన్నడు. “సూసిన” అన్న. 

గట్టు దాటి తోటలకు పోయిన. అంజయ్య బోరు కాడ కూసొని ఉన్నడు. నీళ్లు లేక గాలి గుంజి వాని మోటరు కాలిపోయి రెండొద్దులాయెనట. చెట్ల కింద ఆకు, పిందె చాప పరిచినట్టు రాలింది. నన్ను సూసి లేసి తువ్వాల దులిపి కూసోనీకి పరిచిండు.

“మా మోటరు సప్పుడు నీకు ఇనవడలేదారా?” అన్న.

“ఇన్న అక్కా. మొదటి దినంకెల్లి ఇన్న.”

“మరి వచ్చి బందు చెయ్యకపోతివా?”

“ఒగల మోటరు నేనెట్ల ముడ్త?”

“నీ వంతు గదరా అది!”

“వంతు నాదే. మోటరు మీది. మనసు మారిందేమో అనుకున్న. పశువులకు గడ్డి ఏసుకుంటున్నరేమో అనుకున్న.”

“ఫోను ఉండె గద నీ చేతుల. ఒక్క మాట అడగకపోతివా?”

అప్పుడు వానికి కోపమొచ్చింది. పుట్టి బుద్ధెరిగినంక నా మీద వాడు గొంతు లేపింది ఆ ఒక్కసారే. “ఏమని అడగాలె? లగ్గం ఇంటికి ఫోను చేసి, నా నీళ్లు నాకు ఇడువుండ్రి అని అడుక్కోవాల్నా? మాట ఇచ్చింది మీరు. నిలవెట్టుకుంటె మీరు నిలవెట్టుకోవాలె” అన్నడు. ఎనుకకెల్లి శేఖరు వచ్చి నిలవడి ఆటో డబ్బ సంగతి చెప్పిండు. అంజయ్య మొత్తం ఇన్నడు. ఇనుడు అయినంక వాని మొఖంల కోపం పోయింది. పోయి దాని జాగల ఏమొచ్చిందో నేను రాయలేను. కోపమే ఉంటె మంచిగుండు అనిపిచ్చింది నాకు. మనిషి మోసం చేసిండనుకుంటె తిట్టొచ్చు, కొట్టొచ్చు. ఎవడూ మోసం చెయ్యలే అంటె ఇంకేం చేస్తడు? “అట్లనా” అన్నడు. “నేనే వచ్చి సూడకపోతి” అన్నడు.

శేఖరు ఆ మాపే మా బోరుకెల్లి తోటకు పైపులు ఏసిండు. మా బోరు సుత అప్పటికి ఒక గడియ పోసి ఒక గడియ ఆగుతాంది. ట్యాంకర్లు తెప్పిచ్చిండు, సత్తెమ్మ బిందెలతోని మోసింది, నేను సుత మోసిన. నా కోడలు కడుపుల మాట ఏనాడు దాసుకోని మనిషి, ఆమె సుత సప్పుడు లేకుంట మోసింది. వానలు ఆలిశెమైనయి. కొమ్మలు కొసలకెల్లి ఎండుకుంట కిందికొచ్చినయి. కొన్ని చెట్లు చిగురేసి ఆశ పెట్టి, మల్ల మాడినయి. ఆఖరుకు అంజయ్య రంపం మిషిన్ పెట్టి కొట్టిపిచ్చిండు. బత్తాయి కట్టె లోపట పసుపుపచ్చగ ఉంటది. ఆ పొట్టు గాలికి లేసి మా మడి మీద సుత పడ్డది. సత్తెమ్మ ఏడ్వలే. కట్టెల ట్రాలీ పోయినంక పాదుల కాడ పల్లిపొట్టు ఊడ్సి కుప్ప చేసింది, ఎందుకో ఆమెకే తెల్వాలె.

ఊరు ఊకోలే. “అక్క ఇంట్ల బల్బు ఆర్పుతది, కొడుకు తమ్ముని తోట ఆర్పిండు” అని బోరింగు కాడ ఒకామె నేను ఇనేటట్టే అన్నది. నేను బిందె నింపుకొని వచ్చిన.  శేఖరు ఆటో డబ్బను పీకి అటక మీదికి ఇసిరిండు. ఇప్పుడు పొద్దుగాల చెప్పులేసుకొని, పొడి తువ్వాల చేతికి సుట్టుకొని పోయి చేత్తోనే ఏసి, నిండినంక చేత్తోనే ఆపుతడు. వాడు పోయి వచ్చేదాంక నేను వాకిట్లనే నిలవడ్త. వాని బాపు చెయ్యి యాదికొస్తది. మా గట్టు పక్కపొంటి ఇంకిద్దరు సుత డబ్బలు తీసిండ్రు. మిగిలినోళ్లయి అట్లనే ఉన్నయి.

అవ్వ కాలంల మాకు నీళ్లు తక్కువ, గని ఎంత తక్కువనో కంటికి కనవడేది. ఇప్పుడు కనవడది. పొయ్యి కాడ, దీపం కాడ, జాలారు కాడ నేను నేర్చుకున్నదంత కంటికి కనవడే దానితోనే. కనవడని దాన్ని ఎట్ల పొదుపు చెయ్యాల్నో అవ్వ నాకు చెప్పలే, ఆమెకు సుత తెల్వది. శ్రావణి అట్ట మీద నేను రాపిచ్చినయన్ని నిజమే. పిల్లలు చెయ్యాలె, చేస్తె మంచిదే. గని ఇంటి గల్మ దాటినంక సంగతి ఆ అట్ట మీద పట్టలే.

తోట కొట్టినంక అంజయ్య, సత్తెమ్మ జడ్చర్లకు పోయిండ్రు. ఆడ మందుల కంపెనీల గేటు కాడ వాచ్‌మన్ పని. కిరాయి అర్ర, ఒక్క కిటికి. శ్రావణి అడిగిన మాట నిద్రపోనియ్యక, ఆ వారంలనే శేఖరును తీస్కొని సూడబోయిన. పట్టపగలు, నెత్తి మాడే ఎండల, గేటు మీద పెద్ద పెద్ద లైట్లు ఎలుగుతున్నయి. నా చెయ్యి ఊకోక స్విచ్చి ఏడున్నదా అని గోడ తడిమిన. “ఉండనియ్యి అక్కా. వచ్చిన కొత్తల నేను ఆర్పితె మందలిచ్చిండ్రు” అన్నడు అంజయ్య. నీలం అంగీ తొడుక్కున్నడు, అది వానికి భుజాల కాడ ఒదులు. ముగ్గురం గోడ నీడకు కూసున్నం. వాడే పోయి చాయ తెచ్చిండు.

శేఖరు దారి పొడుగు మాటలు కూడవెట్టుకొని వచ్చిండు. “ఈసారి వానలు మంచిగ పడ్డయి మామా. జల మీదికొచ్చింది. నీ బోరుల రాయి ఏస్తె సప్పుడు వస్తాంది. వచ్చెయ్యుండ్రి మామా. మోటరు నేను దింపిస్త. మల్ల మొక్కలు పెడుదాం, కలిసి పెడుదాం” అన్నడు. 

అంజయ్య చాయ గిలాస అడుగుదాంక తాగిండు. “రాయి ఎవరేసిండ్రు?” అన్నడు.

“నేనే ఏసిన.”

“అయితె దానికి మూత లేదన్నట్టు. మోటరు గుంజినప్పుడు గోనెసంచి కట్టి ఒచ్చిన, అది చినిగిపోయి ఉంటది. గొర్ల కాపరోళ్ల పిల్లలు ఆ గట్టు పొంటనే ఉరుకుతరు. ముందుగాల మూత పెట్టు శేఖరూ. ఇంటికి పోంగనే పెట్టు.”

“మరి వస్తరా మామా?”

లారీ వచ్చి హారన్ కొట్టింది. అంజయ్య లేసి గేటు తీయబోయిండు. లారీ లోపటికి పోయినంక సుత కాసేపు ఆ గేటు పట్టుకొని ఆడనే నిలవడ్డడు. బస్సు టైమయిందని మేమే లేసినం.

తెల్లారి శేఖరు కేతేపల్లికెల్లి ఇనుప పలక కోపిచ్చి తెచ్చిండు, పని తెలిసినోన్ని ఎంబడి తెచ్చిండు. తోట ఉన్న జాగల ఇప్పుడు గడ్డి మోకాళ్ల దాంక లేసింది. నేను ఒక గులకరాయి తీసి బోరులకు ఇడిసిన. ఎక్కువ సేపు ఆగాల్సిన పని లేకపోయింది, సప్పుడు దగ్గర్నే వచ్చింది. శేఖరు పలకను పైపు మీద పెట్టి సరిజేసి నా దిక్కు సూసిండు. “బోల్టులు పెట్టాల్నా అమ్మా, వెల్డింగ్ పెట్టాల్నా? బోల్టులైతె మామ వస్తె మల్ల ఇప్పొచ్చు” అన్నడు.

“పిల్లలు తిరిగే జాగ” అన్న. “వెల్డింగే పెట్టు.”